ఇరవై గంటల ఏరు

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి జిలెన్ తూతాన్ మడికి అడ్డంగా వేసిన పలక మీద మోకాళ్ళూని పారే నీళ్ళలో పెరిగే క్రెసాన్ ఆకుకూర కోస్తోంది. ఎడమచేత్తో గుప్పెడు కాడలు పోగుచేసుకోవడం, కుడిచేతి కత్తితో ఒక్క కోత, నడుముకి వేలాడుతున్న నారపోగు లాగి రెండు చుట్లు, ఒక ముడి. కట్ట బుట్టలో పడేలోపే ఎడమచెయ్యి మళ్ళీ కూరలో ఉంటుంది. అరవైరెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా అదే పని కాబట్టి చేతులకి కళ్ళతో అవసరం లేదు. కళ్ళు ఎప్పుడూ నీళ్ళ మీదే. సుద్దకొండ అడుగునుంచి ఉబికి, పన్నెండు మడుల్లోంచి పలచగా పారి, సాంత్-ఒబేర్ వంతెన కింద మర్లెత్ ఏరుగా సాగిపోయే ఆ నీళ్ళలో అడుగున ఉన్న గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనబడతాయి.

పదకొండో కట్ట ముడి వేస్తుండగా గులకరాళ్ళు కనబడటం మానేశాయి.

జిలెన్ కత్తి పలక మీద పడేసి లేచింది. ఊట దగ్గర నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. తెల్లటి మడ్డి మొదటి మడిలోకి దిగి, కూర వేళ్ళ మధ్య నుంచి రెండోదాంట్లోకి జారుతోంది.

"మార్సియల్! తూము మూసెయ్! మళ్ళీ వచ్చింది!"

ఆవిడ భర్త మార్సియల్ పాకలో కట్టలు కడుగుతున్నాడు. అరిగిపోయిన మోకాలు ఈడ్చుకుంటూ వీలైనంత తొందరగా వచ్చి, తూము గాడిలోకి పలకలు దింపి, నీళ్ళని పక్క కాలవలోకి మళ్ళించాడు. తొమ్మిది మడులు దక్కాయి. మూడు పోయాయి.

"ఈస్టర్ నుంచి మూడోసారి," అన్నాడు ఆయాసపడుతూ.

జిలెన్‌కి తెలియకపోతే కదా! మొదటిసారి పారిస్ బజారు నుంచి బుట్టలు బుట్టలుగానే వెనక్కి వచ్చాయి. రెండోసారి ఆరోగ్యశాఖ వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, ఇంకొక్కసారి ఊట చెడితే అమ్మకం అనుమతి రద్దు చేస్తామని కాయితం పంపారు. పచ్చిగా తినే కూర మరి, నీళ్ళు బాగోకపోతే ఎవరు ఒప్పుకుంటారు? ఆ కాయితం వంటింట్లో గోడకి గుచ్చి ఉంది. కాఫీ కలుపుకున్నప్పుడల్లా కనబడుతుంది.

ఆవిడ వంగి వేళ్ళతో మడ్డి తీసి నలిపింది. గరగరలాడింది. వాసన చూసింది.

"సిమెంటు. వోక్లాన్ గాడి లారీలే."

"కళ్ళారా చూసినట్టు చెబుతావేంటే?"

"నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి లారీ కొండెక్కిన చప్పుడు విన్నాను. ఇప్పుడు తొమ్మిది. లెక్కపెట్టుకో."

"ఇరవై గంటలు. ఆపిల్ వాసన కథ మళ్ళీ మొదలెట్టావన్నమాట," అన్నాడు మార్సియల్ నవ్వు దాచుకుంటూ.

ఆ కథ ఊరందరికీ తెలుసు. ఏటా అక్టోబరులో కొండమీది బోర్నియే ఊరివాళ్ళు ఆపిల్ రసం పులియబెట్టిన సైడరు పోసుకునే ముందు పాత పీపాలు వాగులో కడుక్కుంటారు. ఆ మర్నాడు, సరిగ్గా ఇరవై గంటలకి, తన ఊటలో ఆపిల్ వాసన వస్తుందని జిలెన్ అంటుంది. ఆపిల్ వాసన వచ్చేది జిలెన్ ఊటలోంచి కాదు, నోట్లోంచి అని రొట్టెల కొట్టు దగ్గర నవ్వుకుంటారు. మొదట్లో ఆవిడా నవ్వేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

బూట్లు కూడా విప్పకుండా వ్యాను తీసి కొండెక్కింది. పైన అడవి చెరువులో పుట్టిన వాగు బంకమట్టి మీద మూడు కిలోమీటర్లు వంకర్లు తిరిగి, హేజెల్ పొదల కింద సుద్దనేల నోరు తెరిచిన చోట ఒక్కసారిగా లోపలికి పోతుంది. ఆ చోటుని మింగుడు గొయ్యి అంటారు. అక్కణ్ణుంచి నాలుగు కిలోమీటర్లు ఉత్త గడ్డిలోయ, చుక్క నీరు కనబడదు. ఆ లోయ చివరే జిలెన్ ఊట. ఇంతకంటే తేటగా దేవుడు మాత్రం ఇంకేం చెబుతాడు అని ఆవిడ వాదన.

గొయ్యి గట్టున రోలాన్ వోక్లాన్ ట్రాక్టరు దిగి సిగరెట్ చుట్టుకుంటున్నాడు. పెద్ద రైతు, రెండు లారీలున్నాయి, బోర్నియేకి ఉపమేయరు. గొయ్యి నోట్లో ఇటుకలు, పెంకులు, విరిగిన సిమెంటు దిమ్మలు. వాగు నీళ్ళు వాటి సందుల్లోంచి గొణుక్కుంటూ దిగుతున్నాయి.

"బోన్‌జూర్ జిలెన్! కూర మానేసి కొండలెక్కుతున్నావు, కాళ్ళనొప్పులు తగ్గాయా?"

"నా కాళ్ళ సంగతి నీకెందుకు? ఏం పోస్తున్నావందులో?"

"పాత గోడలు. నా పొలంలో నా గొయ్యి. పూడ్చేసి, ఈ బోదెకి గొట్టం వేసి రోడ్డు కాలవలోకి తిప్పేసి, పైన మొక్కజొన్న వేస్తా."

"ఇది బోదె కాదు. ఏరు."

"పటం చూడు తల్లీ. నీలం గీత నీ ఊట దగ్గరే మొదలవుతుంది. మర్లెత్ మీ పెరట్లోనే పుట్టింది. గర్వపడాలి గానీ ఏడుస్తావేంటి?"

"మా పెరట్లో పుట్టలేదు. మా పెరట్లో బయటపడుతుంది. నువ్విక్కడ పోసిన సిమెంటు ఇరవై గంటలకి నా మడిలో ఉంది."

వోక్లాన్ సిగరెట్ నాలుకతో తడిపి అంటించుకున్నాడు. "గురువారం నీటిశాఖామె వస్తుందిగా. ఏరో బోదో ఆవిడే రాసుకుంటుంది. ఏరంటే చట్టం ఒప్పుకోదు, నేను చెయ్యి పెట్టను. బోదంటే శుక్రవారం గొట్టాలు దిగుతాయి. ఏం, సరేనా?"

ఆ మాట అంత మర్యాదగా అన్నందుకు జిలెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చేదాకా వ్యానులో ఒక్కతే తిడుతూనే ఉంది.

గురువారం నీటిశాఖ నుంచి మదామ్ కొలాస్ వచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, పొడుగాటి బూట్లు, మెడలో పలక, పలక మీద నాలుగు ప్రశ్నలున్న కాయితం. చేపలవాళ్ళ సంఘం అధ్యక్షుడు ముసలి ఫెర్డినాన్, జిలెన్, వోక్లాన్ ఆవిడ వెంట అడవి చెరువు నుంచి నడిచారు.

"ఊట ఉందా?" అడిగింది మదామ్ కొలాస్.

"చెరువు అడుగున ఉంది, బుడగలు చూడండి," అంది జిలెన్.

"సహజంగా ఏర్పడిన దారేనా?"

"ఈ ముక్క మా తాత తవ్వించాడు," అన్నాడు వోక్లాన్. "తవ్వించిందంటే బోదే కదా మదామ్?"

"మీ తాత వంకర తీశాడు, వాగుని కనలేదు," అంది జిలెన్. ఫెర్డినాన్ ఫక్కున నవ్వాడు.

ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళుంటాయా అన్న ప్రశ్న దగ్గర జిలెన్ నోటితో జవాబు చెప్పలేదు. వాగులోకి దిగి, అరచేతంత రాయి తిరగేసి, ఆవిడ ముక్కు కింద పెట్టింది. రాయి అడుగున గోరంత రొయ్యపిల్లలు పక్కకి వాలి గిలగిలా కొట్టుకుంటున్నాయి. ఇసుక గూళ్ళు కట్టుకున్న పురుగులు కూడా ఉన్నాయి. వానొచ్చినప్పుడు మాత్రమే తడిసే బోదెలో ఇవి బతకవు. మదామ్ కొలాస్ రాయి మళ్ళీ ఎక్కడిదక్కడ జాగ్రత్తగా పెట్టి, కాయితం మీద గుర్తు వేసుకుంది. ఆ జాగ్రత్త చూసి జిలెన్‌కి ఈవిడ మీద నమ్మకం కుదిరింది.

కానీ గొయ్యి దగ్గరికొచ్చేసరికి మదామ్ కొలాస్ ఆగిపోయింది.

"నాలుగో ప్రశ్న, దేంట్లో కలుస్తుందని. చిక్కు ఇక్కడే ఉంది. ఈ వాగు ఇక్కడ ఆగిపోతే, దేంట్లోనూ కలవని నీళ్ళు. పైగా సగం దారి తవ్వించింది. బోదె కింద రాయాల్సొస్తుంది. మీ ఊటలో బయటపడుతుందంటే మాత్రం చెరువు నుంచీ ఒకే ఏరు. రుజువు కావాలి."

"ఆపిల్ వాసన ఉందిగా," అన్నాడు వోక్లాన్.

"రంగు తెచ్చాను," అందావిడ, నవ్వకుండా. "వారం కిందటే రెండు ఊళ్ళ మేయరు కచేరీలకీ రాశాం. బావులున్న ఇళ్ళవాళ్ళందరికీ చెప్పారు కదా? హాని లేదు గానీ నీళ్ళు ఆకుపచ్చగా వస్తే జనం కంగారుపడతారు."

"సాంత్-ఒబేర్‌లో ఇంటింటికీ చీటీ వేశారు," అంది జిలెన్.

"మా వైపు చెప్పే బాధ్యత నాది. అందరికీ తెలుసు," అన్నాడు వోక్లాన్, లారీ వైపు చూస్తూ.

మదామ్ కొలాస్ డబ్బాలోంచి ఇటుకపొడి రంగు పిండి వాగులో వంచింది. పిండి నీళ్ళని తాకగానే నీళ్ళు పచ్చటి పచ్చగా వెలిగిపోయాయి. అందరూ, వోక్లాన్‌తో సహా, ఒక్క క్షణం చిన్నపిల్లల్లా చూస్తూ ఉండిపోయారు. ఇటుకల సందుల్లోంచి ఆ పచ్చదనం మెల్లిగా, చాలా మెల్లిగా లోపలికి దిగిపోయింది. సాంత్-ఒబేర్ చర్చి పన్నెండు కొట్టింది.

"రేపు ఉదయం ఎనిమిదికి మా ఊటలో," అంది జిలెన్. "ఎనిమిదికి. రాసుకోండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది అని తర్వాత ఎన్నిసార్లు నాలిక కొరుక్కుందో!

శుక్రవారం ఎనిమిదికి ఊట తేటగా ఉంది. తొమ్మిదికీ అంతే. వార్త పొక్కి వంతెన మీద ఇరవైమంది చేరారు. రొట్టెల కొట్టామె పిండిచేతులతో వచ్చి పదినిమిషాలు నిలబడి వెళ్ళిపోయింది. మదామ్ కొలాస్ గంటకోసారి చిన్న సీసాలో నీళ్ళు పట్టి, దీపంలాంటి పరికరం ముందు పెట్టి చూసి, సున్నా రాసింది. సాయంత్రానికి అన్నీ సున్నాలే.

శనివారం మధ్యాహ్నం వోక్లాన్ సైడరు సీసాతో వచ్చాడు. "పాపం, రెండు రోజుల్నుంచి పస్తుగా చూస్తున్నావు. తాగు జిలెన్. కనీసం ఇందులోనైనా ఆపిల్ వాసన వస్తుంది."

వంతెన మీద జనం గొల్లున నవ్వారు. జిలెన్ సీసా తీసుకోలేదు. చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్ళు నీళ్ళని చూసిన కళ్ళు ఇవి, ఇప్పుడు అవే తనని ఊళ్ళో పిచ్చిదాన్ని చేశాయా అనిపించింది.

మదామ్ కొలాస్ సామాను సర్దుకుంటూ దగ్గరికొచ్చి మెల్లిగా అంది. "సోమవారం పదింటికి బోర్నియే కచేరీలో నివేదిక రాయాలి. అప్పటిదాకా ఊట దగ్గర సీసాలు మీరు పట్టండి. ఏమీ రాకపోతే... నేను చూసిందే రాయాలి. ఏమనుకోకండి."

"ఏమనుకోను. మీ పని మీరు చెయ్యండి," అంది జిలెన్.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. గంట గంటకీ సీసా ముంచింది. సాయంకాలం మార్సియల్ ఉల్లిపాయల చారు గిన్నెలో తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"జిలెన్, ఒకవేళ..."

"అనకు."

"అనడం లేదే. ఒకవేళ నీళ్ళ తప్పు కాదేమో అంటున్నా. గొయ్యిలో మూడు లారీల గోడలు పడ్డాయి. ఇరుకైన గొంతులోంచి దిగాలంటే మోకాలు పట్టేసినప్పుడు నాకు పట్టినట్టే వాటికీ టైం పడుతుంది."

జిలెన్ చెంచా ఆపేసింది. మంగళవారం వచ్చిన మడ్డి మూడో లారీ పడ్డప్పటి తొలి నీళ్ళది. ఆ తర్వాతేగా ఇటుకలు సర్దుకుని గొంతు బిగిసింది. రంగు మెల్లిగా దిగడం తను కళ్ళారా చూసింది కూడా! ఇరవై గంటలు తెరిచి ఉన్న గొయ్యి లెక్క, మూసుకుపోతున్న గొయ్యిది కాదు. ఎంత తెలివితక్కువ పని! లెక్క తప్పినందుకు సిగ్గుపడింది, తనని నమ్మిన మనిషి పక్కనున్నందుకు ఏడుపొచ్చింది.

"మరి ఎప్పటికొస్తుంది?"

"అది నాకేం తెలుసు? నువ్వే కదా గడియారం," అన్నాడు మార్సియల్.

సోమవారం తొమ్మిదింటికి కూడా ఊట తేటగానే ఉంది. సీసా పట్టడం మార్సియల్‌కి అప్పజెప్పి, జిలెన్ మంచి కోటు తొడుక్కుని కొండెక్కింది. ఓడిపోయినా ఎదురుగా నిలబడి ఓడిపోవాలని ఆవిడ పంతం.

బోర్నియే కచేరీలో పొడుగాటి బల్ల మీద పెద్ద పటం పరిచి ఉంది. పొలాలు, ఇళ్ళు, లోయ అన్నీ ఉన్నాయి. నీలం గీత అట్టడుగున జిలెన్ ఊట దగ్గర మొదలైంది. వోక్లాన్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఫెర్డినాన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని నలుపుతున్నాడు.

"మీరేమైనా చెబుతారా మదామ్ తూతాన్?" అడిగింది మదామ్ కొలాస్.

"గొయ్యి మూసుకుపోయింది, అందుకే ఆలస్యమవుతోంది. ఇంకో వారం ఆగండి."

"వారం అయ్యాక ఇంకో వారం," అన్నాడు వోక్లాన్. "నా గొట్టాలు వానలో నానుతున్నాయి. నాలుగు రోజులు ఆగాం, చాలదూ? రాసెయ్యండి మదామ్."

మదామ్ కొలాస్ పెన్ను మూత తీసింది. తలుపు ధడాలున తెరుచుకుంది.

గుమ్మంలో వోక్లాన్ తల్లి నిలబడి ఉంది. లియోంటీన్ పేరు, ఎనభై ఏడేళ్ళు. అందరూ వోక్లాన్ తల్లి అనే పిలుస్తారు. రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా తడిసిన ఏప్రను, చంకలో రేకు బేసిను. ఆవిడిల్లు లోయ మధ్యలో, కొడుకు ఇంటికి అరకిలోమీటరు కింద ఉంది. సోమవారం బట్టలుతికే రోజు. యుద్ధమొచ్చినా ఆవిడ సోమవారం బట్టలు మానలేదంటారు. కుళాయి నీళ్ళలో మందు వాసన, నారబట్ట పాడవుతుందని బట్టలకీ కాఫీకీ ఇప్పటికీ బావినీళ్ళే.

"రోలాన్! మేయరెక్కడ? ఎవరో నా బావిలో విషం కలిపారు!"

"ఏంటమ్మా, ఇక్కడ మీటింగు..."

"మీటింగా? ఇదుగో నీ మీటింగు!"

బేసినులోంచి తడి దుప్పటి లాగి బల్ల మీద ఒక్క విసురు విసిరింది. నీళ్ళు చిందాయి. పటం మొత్తం కప్పేసింది. మంచి నారదుప్పటి, మూల ఎర్రదారంతో కుట్టిన రెండక్షరాలు, పెళ్ళికి ముందు ఆవిడ తన చేత్తో కుట్టుకున్నవి. దుప్పటంతా లేత చిగురాకు పచ్చగా మెరుస్తోంది.

ఫెర్డినాన్ టోపీ నలపడం ఆపేశాడు.

"ఉతికినప్పుడు బాగానే ఉంది," అంటోంది ముసలావిడ. "రాత్రి తోడిన నీళ్ళతో మరగబెట్టా. పొద్దున కొత్త నీళ్ళు తోడి, పాకలో చీకట్లో జాడించా. బయట తీగ మీద వేసి చూద్దును కదా, ఇదీ రంగు! ఆరు దుప్పట్లు! అన్నీ ఇంతే! చూడండి, నా చేతులు చూడండి!"

చాచిన పది వేళ్ళూ పచ్చగా ఉన్నాయి.

మదామ్ కొలాస్ లేచి, దుప్పటి అంచు సీసాలోకి పిండి, పరికరం ముందు పెట్టింది. చూసింది. మళ్ళీ చూసింది. "విషం కాదండీ. గురువారం మేము గొయ్యిలో పోసిన రంగు. మీకు ముందే చెప్పి ఉండాలి. మీ బావి ఎక్కడ?"

వోక్లాన్ తల్లి దుప్పటి మూల ఎత్తి, తడిసిన పటం మీద పచ్చటి వేలు పెట్టింది. గొయ్యికీ ఊటకీ సరిగ్గా మధ్యలో.

"నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిందెవరు?"

అందరూ ఒకే మనిషి వైపు చూశారు. ఆవిడా చూసింది.

"నీకు తెలుసా?"

"అమ్మా, అది... నీళ్ళు అటు రావు కదా అని... రానిదానికి నిన్నెందుకు కంగారుపెట్టడమని..."

"రావని నీకెవరు చెప్పారు?"

"పటంలో..."

"నేను బతికుండగా పటాన్ని అడిగావా?" ముసలావిడ గొంతు తగ్గింది. తగ్గినకొద్దీ వోక్లాన్ కుర్చీలో కిందికి జారాడు. "ఆగు. ఈస్టర్‌లో నా కాఫీ అడుగున తెల్లటి ఇసుక దిగిందని చెప్పానా లేదా? చెపితే ఏమన్నావు? 'నీ కళ్ళు మసకలమ్మా, కొత్త కెటిల్ కొనిస్తా' అన్నావు. కొనిచ్చావు కూడా. ఏం పోశావురా ఆ గొయ్యిలో?"

జవాబు జిలెన్ చెప్పొచ్చు. వారం రోజులుగా నాలుక చివర దాచుకున్న మాటలు బోలెడున్నాయి. కానీ తల్లి ముందు తలొంచుకున్న ఆ బట్టతల చూస్తే నోరు రాలేదు. ఫెర్డినాన్‌కి అలాంటి ఇబ్బందేమీ లేదు.

"పాత గోడలు, వోక్లాన్ తల్లీ. మూడు లారీలు. సిమెంటుతో సహా."

"అంటే ఆర్నెల్లుగా," అంది ఆవిడ ఒక్కొక్క మాటా విడదీసి, "నా కొడుకు కూల్చిన గోడలు నేను కాఫీలో తాగుతున్నాను."

అప్పుడే జిలెన్ కోటు జేబులో ఫోను మోగింది. మార్సియల్ అరుపు గది గదంతా వినబడింది.

"వచ్చిందే! జిలెన్, వచ్చింది! పచ్చగా! పిచ్చి పచ్చగా!"

జిలెన్ ఫోను చెవికి ఆనించుకుని అలాగే ఏడ్చేసింది. నలుగురిలో ఏడుస్తున్నానన్న సిగ్గు కూడా లేకుండా, హాయిగా.

అందరూ కిందికి దిగారు. జిలెన్ వ్యానులో ముందు సీట్లో వోక్లాన్ తల్లి, ఒళ్ళో బేసిను. ఊట గుంటలో నీళ్ళు పచ్చగా ఉబుకుతున్నాయి. పన్నెండు మడులూ పచ్చ, కూర కంటే పచ్చ. రేవు రాళ్ళ మీంచి, మిల్లు పక్కనుంచి, వంతెన కింద నుంచి మర్లెత్ వెలుగుతూ పారుతోంది. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. రొట్టెల కొట్టామె ఈసారి పిండిచేతులతో జిలెన్‌ని కావలించుకుని మంచి కోటంతా తెల్లగా చేసేసింది. శనివారం గొల్లున నవ్విన వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫెర్డినాన్ టోపీ తీసి నీళ్ళ వైపు వంగి దండం పెట్టాడు, తమాషాకే గానీ కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎనిమిది అన్నారు మీరు," అంది మదామ్ కొలాస్, సీసా పైకెత్తి నవ్వుతూ. నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

"గొంతు పట్టుకుంటే ఎవరైనా ఆలస్యంగానే మాట్లాడతారు," అంది జిలెన్.

పటం ఇంకా తడిగానే ఉంది. వ్యాను ముందుభాగం మీద పరిచి, మదామ్ కొలాస్ నీలం పెన్సిలుతో గీత గీసింది. అడవి చెరువు నుంచి గొయ్యి దాకా నిండు గీత, లోయ కింద చుక్కలు, ఆ చుక్కల మధ్య ఒక బావి, ఊట దగ్గర మళ్ళీ నిండు గీత. పైనుంచి కింద దాకా ఒకే పేరు రాసింది. గొయ్యిలో పోసిందంతా వారంలో బయటికి తీయాలని నివేదికలో ఇంకో వాక్యం చేర్చింది. ఊట చెడిపోవడానికి కారణం కూరమడి కాదని ఆరోగ్యశాఖకి తనే రాస్తానంది.

"దుప్పట్ల సంగతేంటి?" అడిగింది వోక్లాన్ తల్లి.

"ఎండలో వేయండి, రెండు రోజుల్లో రంగు పోతుంది."

"ఎండలో వేయను. పాకలో దాస్తా. వాడు ఆ గొయ్యి ఖాళీ చేసేదాకా ఇలాగే ఉంటాయి. రోజూ సాయంత్రం ఒకటి తీసి వాడి భోజనాల బల్ల మీద పరుస్తా."

పరిచిందట కూడా. బుధవారం నుంచి వోక్లాన్ గొయ్యిలో దిగాడు. పెద్ద దిమ్మలు యంత్రం లాగింది. సందుల్లో ఇరుక్కున్న ఇటుకలు చేత్తోనే తీయాల్సొచ్చింది. గట్టు మీద తల్లి కుర్చీ వేసుకుని, ఊలు అల్లుకుంటూ, "ఎడమవైపు ఇంకోటుంది చూడు" అని చూపిస్తూ కూర్చుందని ఫెర్డినాన్ వచ్చి చెప్పాడు. చెప్పడానికి రోజుకి రెండుసార్లు వచ్చాడు. శుక్రవారం సాయంత్రం జిలెన్ వ్యానులో వెళ్ళింది. వోక్లాన్ నడుం దాకా బురదలో ఉన్నాడు. ఆవిణ్ణి చూసి పార ఆపాడు.

"నవ్వుకోవడానికొచ్చావా?"

"లేదు. ఇంకో పార ఉందేమోనని వచ్చాను," అంది జిలెన్, పొడుగు బూట్లు తొడుక్కుంటూ.

ఇద్దరూ చీకటి పడేదాకా తవ్వారు. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. ఆఖరి పెంకు బయటికి రాగానే వాగు ఒక్కసారి గుటక వేసి, పాత చప్పుడుతో లోపలికి దూకింది.

మర్నాడు శనివారం మధ్యాహ్నం జిలెన్ ఇంట్లో ఫోను మోగింది.

"నేను, లియోంటీన్‌ని. గంట ఎంతయింది మీ దగ్గర?"

"పన్నెండు. ఏం?"

"ఏం లేదు," అంది ముసలావిడ. వెనక వాగు గలగల, పీపాలు దొర్లుతున్న చప్పుడు వినబడుతుండగానే పెట్టేసింది.

ఆదివారం ఉదయం మంచు పలచగా ఉంది. జిలెన్ ఊట దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. నీళ్ళు మామూలు రంగుకొచ్చాయి. గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మార్సియల్ కాఫీ గ్లాసులతో వెనకే వచ్చాడు. చర్చి గంట మొదలైంది.

జిలెన్ దోసిలితో నీళ్ళు తీసి ముఖం దగ్గర పెట్టుకుంది. తర్వాత దోసిలి భర్త ముక్కు కిందికి చాపింది.

మార్సియల్ వాసన చూశాడు. గ్లాసులు గట్టు మీద పెట్టి, ఇంకోసారి చూశాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి నవ్వలేదు.

"ఆపిళ్ళు," అన్నాడు.

చర్చి ఎనిమిదో గంట కొట్టింది.